పిందెకు చూపిన వేలు

నా చిన్నప్పుడు మామిడి పిందెను వేలు పెట్టి చూపించడం నేరం. చెట్టెక్కవచ్చు, కొమ్మ విరగ్గొట్టవచ్చు, దొంగచాటుగా పిందెలు కోసి ఉప్పద్దుకుని తినవచ్చు. వాటికి ఒక తిట్టుతోనో ఒక దెబ్బతోనో సరిపోయేది. కాని చూపుడు వేలెత్తి "అదుగో పిందె" అన్నామా, ఆ పిందె కుళ్ళి రాలిపోతుందని పెద్దవాళ్ళు గగ్గోలు పెట్టేవారు. తప్పనిసరై చూపించాల్సి వస్తే వేలు మడిచి పిడికిలితో చూపించేవాళ్ళం. నూజివీడు చుట్టుపక్కల తోటల్లో పెరిగిన వాళ్ళెవరికీ ఈ మాట కొత్త కాదు.

పాతకాలపు మాట అని నవ్వి ఊరుకుందామంటే అదీ కుదరడం లేదు. మొన్న పిందెల రోజుల్లో రెడ్డిగూడెం దగ్గర మా బంధువుల తోటకు వెళ్ళాం. అయిదేళ్ళ మా మనవరాలు చెట్టు నిండా గుత్తులు చూసి సంబరంగా వేలెత్తింది. పక్కనే ఉన్న మా కోడలు ఆ చేతి మీద చటుక్కున ఒక్కటి వేసింది. కోడలు చదువుకున్న పిల్ల, మంచి పిల్ల. అంతకు క్షణం ముందు అదే గుత్తిని సెల్‌ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి అందరికీ పంపింది. ఊరంతా ఫోన్లో చూస్తే రాలని పిందె పసిపిల్ల వేలికి రాలుతుందట! మనం యంత్రాలు మార్చుకున్నంత సులువుగా భయాలను మార్చుకోం. ఈ మాట నేను ఎన్నో సభల్లో, ఎంతోమందితో గొంతు చించుకుని వాదించాను. అయితే ఆ వాదన నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. అది నా వేలికి కట్టిన గుడ్డముక్కను మా నాయనమ్మ విప్పిన రోజున మొదలైంది.

మా నాయనమ్మది ఈ దేశం కాదు. మా తాతయ్య కుర్రతనంలో బతుకుతెరువు వెతుక్కుంటూ రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళు అలాగే అనేవారు. అక్కడ ధాన్యం మిల్లులో బస్తాలు మోస్తూ, మిల్లు గేటు దగ్గర చుట్టలు చుట్టి అమ్మే బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. యుద్ధం వచ్చి బాంబులు పడ్డప్పుడు వేలమందితో పాటు వాళ్ళూ కొండలూ అడవులూ దాటి నడుచుకుంటూ వచ్చారు. ఆమె అసలు పేరు ఇక్కడ ఎవరికీ నోరు తిరగలేదు. రంగం నుంచి వచ్చింది కదా అని రంగమ్మ అన్నారు. అసలు పేరుతో మా తాతయ్య ఒక్కడే పిలిచేవాడట. నేను పుట్టకముందే ఆయన్ను పాము కరిచింది. ఆ పేరు ఆయనతోనే పోయింది.

వచ్చిన దేశానికి తగ్గట్టు ఆమె చాలా మారింది. చీర కట్టడం నేర్చుకుంది, గోంగూర తినడం నేర్చుకుంది, మా నాన్నను తెలుగులో తిట్టడం నేర్చుకుంది. కొన్ని మాత్రం మార్చుకోలేదు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు ఏదో చెట్టు బెరడు అరగదీసి బుగ్గలకు పూసుకుంటారట. ఆ చెట్టు ఇక్కడ దొరక్క, చివరికి వెలగ బెరడు పనికొస్తుందని కనిపెట్టి అదే పూసుకునేది. తల్లో పువ్వు లేకుండా బయటికి వచ్చేది కాదు. మొగుడు పోయినదానికి పువ్వులేంటని నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు సాధిస్తే, "పువ్వు చెట్టుకి పూసింది. నా మొగుడికి పూసిందా?" అనేది. ఆ మాటకు వాళ్ళ దగ్గర జవాబు ఉండేది కాదు. జవాబు లేనప్పుడు మనుషులు మానుకోరు, పగబడతారు. అది నాకు తర్వాత తెలిసింది.

మా నాన్న ఒక ఆసామి తోటకు కాపలా ఉండేవాడు. తోటలోనే మా పాక. అమ్మ కాలవ కింద ఊళ్ళకు నాట్లకు వెళ్తే, నాయనమ్మా నేనూ డబ్బా వాయిస్తూ కోతుల్ని తోలేవాళ్ళం. బావి పక్కన ఒక చిన్నరసం చెట్టు ఉండేది. ఆసామి తండ్రి స్వయంగా నాటిన చెట్టు. దాని మొదటి పండు వాళ్ళింటి దేవుడి గూట్లోకి వెళ్ళాకే తోటలో ఎవరైనా పండు తినాలి. ఆ ఏడు ఆ చెట్టు పిందెలతో వంగిపోయింది. ఆసామి తల్లిని అందరం పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ మైలవరం నుంచి వచ్చిన చుట్టాలకు ఆ చెట్టు చూపించాలని ముచ్చటపడి తోటకు వచ్చింది. చెట్టు నాదే అన్నంత గర్వంగా నేను ముందు పరుగెత్తి, చెయ్యి చాపి, వేలెత్తి, "అదుగోండి, ఎన్ని గుత్తులో!" అన్నాను.

"వేలు దించవే!" అని పెద్దమ్మగారు అరిచిన అరుపుకు బావి గట్టున వాలిన పిట్టలు లేచిపోయాయి.

ఆ వారంలోనే పిందెలు రాలడం మొదలైంది. మామిడి చెట్టు పట్టిన పిందెలన్నీ నిలుపుకోదు, ప్రతి ఏడూ రాలుస్తుంది. పొద్దున లేచేసరికి చెట్టు కింద ఎవరో గోళీలు పారబోసినట్టు ఉంటుంది. ఆ ఏడు కూడా అలాగే రాలాయి. కాకపోతే ఆ ఏడు వాటిని చూసినవాళ్ళు ఎక్కువ. కబురు వెళ్ళగానే పెద్దమ్మగారు మళ్ళీ వచ్చింది. ఈసారి నావైపు చూడను కూడా లేదు, నాయనమ్మ వైపు చూసింది.

"ఆ రంగందాని మనవరాలేగా, ఆ వేలు ఇంకెలా ఉంటది? మొగుణ్ణి పోగొట్టుకుని పువ్వులు దింపని మనిషి తిరిగే తోటలో కాయ నిలబడుద్దా? ఏరా, ఈ కాపు దిగగానే పాక ఖాళీ చెయ్యండి," అంది మా నాన్నతో. నాన్న తలపాగా తీసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పాక పోతే మాకు తల దాచుకోవడానికి ఇంకో చూరు లేదు.

ఆ సాయంత్రం అమ్మ ఒక పాతగుడ్డ చింపి నా చూపుడు వేలికి చుట్టి గట్టిగా ముడివేసింది. అమ్మ చెడ్డది కాదు, భయం చెడ్డది. అది అమ్మల చేత కూడా ఇలాంటి పనులు చేయిస్తుంది. నేను ఆ వేలును నిజంగానే పాపపు వేలనుకున్నాను. నిద్రలో కూడా పిడికిలి విప్పేదాన్ని కాదు. దొడ్లో పొట్లకాయ పిందెలుంటే అటువైపు వెళ్ళేదాన్ని కాదు. పక్క తోటలోని చూలాలు ఎదురైతే చెయ్యి వీపు వెనక్కి పెట్టుకునేదాన్ని. ఆమె కడుపు మీదికి నా వేలు పొరపాటున తిరుగుతుందేమోనని! పసిపిల్ల తన ఒంట్లో ఒక ముక్కను చూసి తానే వణకడం ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్ళకు తెలుస్తుంది. మూఢనమ్మకం వల్ల ఎవరికీ నష్టం లేదు కదా, పోనీలెద్దురూ అనే పెద్దమనుషులు నాకు తగిలినప్పుడల్లా నేను మండిపడేది అందుకే.

ఒక మధ్యాహ్నం నేను మిగతా వేళ్ళతో అన్నం కలుపుకోలేక తంటాలు పడుతుంటే నాయనమ్మ చూసింది. పళ్ళతో ముడి విప్పి, గుడ్డ తీసి పొయ్యిలో పడేసింది. పాలిపోయిన నా వేలును తన అరచేతిలో పెట్టుకుని కాసేపు రుద్దింది. అన్నం తిన్నాక రమ్మని నన్ను తోట చివరికి తీసుకెళ్ళింది. పెద్దమ్మగారి కళ్ళు పడని మూల ఒక బంగినపల్లి చెట్టు ఉంది. నాయనమ్మ తన పాత బర్మా లుంగీ అంచు చింపి, ఒకేలా కాసిన రెండు కొమ్మలకు చెరొక పేలిక కట్టింది. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది.

"రోజూ వచ్చి ఎర్ర కొమ్మకి వేలు చూపించు. ఎంత కావాలంటే అంత చూపించు, తిట్టు కూడా. పచ్చ కొమ్మ వంక చూడమాక," అంది.

"రాలిపోతే?"

"రాలితే అప్పుడు చూద్దాం. ముందే ఏడవటం దేనికి?"

మొదటి రోజు నా చెయ్యి లేవలేదు. ఆమె నా మోచేతి కింద చెయ్యి పెట్టి పైకెత్తింది. రెండో రోజుకు నేనే ఎత్తాను. తర్వాత రోజుల్లో అది నాకు ఆటైపోయింది. ఎర్ర కొమ్మ కింద నిలబడి పెద్దమ్మగారిలా నడుం మీద చెయ్యి వేసుకుని, "రాలవే, రాలు!" అని గదమాయిస్తుంటే నాయనమ్మ చుట్ట తీసి మరీ నవ్వేది.

పిందెలు కాయలయ్యే వేళకు రెండు కొమ్మలూ చూశాం. రెంటిలోనూ చాలా రాలాయి. కాని నేను వేలు చూపించిన ఎర్ర కొమ్మే ఎక్కువ నిలుపుకుంది. కంటికి తెలిసేంత తేడా. నేను ఎగిరి గంతేశాను. "నాయనమ్మా, నాది మంచి వేలు! నేను చూపిస్తే నిలబడతాయి!"

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "అయితే పక్క చెట్టు మీద కూడా చూద్దామా?" అంది.

నేను గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వద్దన్నాను. ఎందుకంది. ఈసారి రాలిపోతే ఎలా అన్నాను.

"చూశావా పిల్లా. చెడ్డదన్నప్పుడు దాచావు. మంచిదని నువ్వే అనుకుని మళ్ళీ దాస్తున్నావు. మరి గుడ్డ విప్పింది ఎందుకూ?"

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. మంచి వేలి మత్తులో ఉన్నాను. పాల మనిషికి చెప్పాను, మేకలు కాసే అవ్వకు చెప్పాను, తోటకు తుక్కు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళందరికీ చెప్పాను. చెప్పిందల్లా పెద్దమ్మగారి చెవిన పడింది. ఈసారి ఆవిడ మెత్తగా వచ్చింది. పళ్ళెంలో పసుపూ కుంకుమా, నాకొక కొత్త పరికిణీ తెచ్చింది. చుట్టాలు కూడా వెంట ఉన్నారు. నేను తోటంతా తిరిగి చెట్టు చెట్టుకూ వేలు చూపించాలట. పాక సంగతి మరిచిపొమ్మంది. "ఎన్నాళ్ళైనా ఉండండి. ఏటా పిందెల నాడు పిల్ల చేత్తో చూపిస్తే చాలు," అంది. నాన్న ముఖంలో ప్రాణం వచ్చింది. అమ్మ అప్పటికే నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

నాయనమ్మ అడ్డం వచ్చి నిలబడింది. "దాని వేలులో ఏం లేదండీ అమ్మగారూ. అందరి వేలు లాంటిదే."

"మంచి మాట చెప్తుంటే కాదంటావేంటే రంగమ్మా? శనివేలు అన్నప్పుడు కాదన్నావా?"

"లోపల అనుకున్నానండీ, పైకి అనలేదు. అది నా తప్పే. ఇప్పుడు రెండూ కాదంటున్నాను."

"అమ్మా, ఊరుకోవే!" అని నాన్న పళ్ళు కొరుకుతున్నాడు. నాయనమ్మ ఊరుకోలేదు. అంతవరకూ మాలో ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆ చెట్ల కింద, ఆ చుట్టాల ముందు చెప్పింది. గొంతు పెంచలేదు. వంట సంగతి చెప్పినట్టు చెప్పింది.

రంగం నుంచి నడిచి వచ్చేటప్పుడు ఆమె చంకలో ఒక ఆడపిల్ల ఉండేదట. మా నాన్నకు అక్క. దారిలో కలరా తగిలింది. కొండ పక్కన రాళ్ళు పేర్చి వచ్చేశారు. నెలల తరబడి నడిచి ఈ ఊరు చేరి గుమ్మంలో నిలబడితే, అత్తగారు వేలెత్తి చూపించి, బిడ్డను మింగి వచ్చిందంది. తర్వాత మా నాన్న పుట్టాడు. ఆ ఏడు తోటలు విరగకాశాయి. అదే అత్తగారు ఈ కోడలి కాలు మంచి కాలంది. ఎవరింట్లో విత్తనం వేసినా ముందు ఈమె చేత పొలంలో అడుగు పెట్టించేవాళ్ళట.

"ఆ రోజు నాకూ బాగుందండీ," అంది నాయనమ్మ. "కాదనలేదు. పసుపు రాస్తే కాళ్ళు చాపాను. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయన్ని పాము కరిచింది. అదే కాలు, అదే నోరు. మొగుణ్ణి మింగిన కాలన్నారు. కాదని ఎలా అనను? మంచి కాలన్నప్పుడు ఒప్పుకున్నాను గదా. ఈ పిల్ల చేత ఒప్పించనండీ. ఈ ఏడు కాయలు నిలబడితే దీని వేలు. వచ్చే ఏడు గాలివానొస్తే? అదీ దీని వేలేగా."

పెద్దమ్మగారి చేతిలో పళ్ళెం అలాగే ఉంది. ఒక్క క్షణం ఆవిడ ముఖంలో ఏదో కదిలింది, ఏదైనా అంటుందేమో అనుకున్నాం. కాని చుట్టాల ముందు ఇచ్చిన పరికిణీని కూలివాళ్ళు కాదనడం ఆవిడకు కొత్త. "సరే. కాపు దిగాక మీ దారి మీరు చూసుకోండి," అని బండెక్కింది.

నాన్న నాయనమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. "నోరు మూసుకుని ఊరుకుంటే నీ సొమ్మేం పోయిందే? చూరు పోయింది మాకు," అని ఒకసారి మాత్రం అరిచాడు. ఆయన కోపం న్యాయమైనదేనని ఆమెకు తెలుసు. నిజం చెప్పినవాళ్ళకు లోకం దండ వేస్తుందని నేను ఏ సభలోనూ చెప్పను. మాకు దండ పడలేదు, పాక పోయింది.

పెద్దమ్మగారు వెళ్ళిన మర్నాడు నేను ఒక్కదాన్నే తోట చివరికి వెళ్ళాను. పక్క చెట్టు మీద ఇంకా పిందెలు ఉన్నాయి. ఆలస్యంగా పూసిన చెట్టది. నా అంతట నేనే రెండు కొమ్మలు ఎంచుకుని, ఒక దానికి వేలు చూపించాను. కాపు దింపేనాటికి రెండు కొమ్మలకూ ఇంచుమించు ఒక్కలాగే మిగిలాయి. ఆ సంగతి చెప్తే నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసి, "నీ వేలు నీకొచ్చింది," అని మళ్ళీ పెట్టుకుంది. అంతే. నాకు చిన్న నిరాశ, దాని వెనకే చెప్పలేనంత తేలిక. మంచి వేలు పోయింది. దానితో పాటు చెడ్డ వేలూ పోయింది. మామూలు వేలు ఎంత సుఖమో!

మేం నూజివీడు చేరి ఊరి చివర ఒక గది అద్దెకు తీసుకున్నాం. నాన్న మామిడి దుకాణాల్లో గంపలకు వరిగడ్డి పరిచి కాయలు సర్దే పనికి కుదిరాడు. ఊళ్ళో బడి ఉంది కాబట్టి నేను బళ్ళో పడ్డాను. అది కూడా నాయనమ్మ చేసిన మేలే అని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కాని అదంతా ముందే ఊహించి చేసిందని చెబితే, ఆవిడ కాదన్న అబద్ధాన్నే నేను మళ్ళీ చెప్పినట్టవుతుంది. ఆవిడకు ఏమీ తెలియదు. తెలియకుండానే కాదంది.

తర్వాత ఆమె చాలాకాలం బతికింది. మచ్చపడి అమ్ముడుపోని పండ్లు తెచ్చి రసం తీసి, చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెట్టి తాండ్ర చేసేది. ఆ రోజుల్లో ఆమె చేతులు, చీర, చివరికి చుట్ట కూడా మామిడి పండు వాసన వేసేవి. తాండ్ర అమ్మిన డబ్బుతోనే నా పై చదువు సాగింది. నేను కులం చూడకుండా, ముహూర్తం చూడకుండా పెళ్ళి చేసుకుంటానంటే ఇంట్లో అందరికంటే ముందు ఆమే పువ్వులు తెచ్చింది. నాకొకటి, తనకొకటి. వానాకాలం సాయంత్రాల్లో మాత్రం ఒక్కోసారి గుమ్మంలో కూర్చుని మాకెవరికీ అర్థం కాని భాషలో సన్నగా ఏదో పాడుకునేది. అర్థమేంటని అడిగితే, "పిల్లల్ని పడుకోబెట్టేది," అనేది. ఏ పిల్లకు పాడుతుందో మాకు తెలుసు. అడిగేవాళ్ళం కాదు.

ముని మనవల్ని ఎత్తుకుని, నూరేళ్ళకు దగ్గర పడి పోయింది. చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా ఆమె కాళ్ళకు దండం పెట్టి, మహా పుణ్యాత్మురాలు, మంచి కాలు, అందుకే ఇన్నాళ్ళు బతికిందన్నారు. నాకు ఏడుపులో కూడా నవ్వొచ్చింది. ఆ కాళ్ళ వంక చూశాను. పగిలిన మడమలు, అడవుల్లో నడిచిన పాత మచ్చలు. మంచివీ కావు, చెడ్డవీ కావు. నడిచిన కాళ్ళు.

నన్ను తిట్టినవాళ్ళ మాటలు తిప్పికొట్టడం నాకెప్పుడూ కష్టం కాలేదు. వాదంలో పెరిగినదాన్ని, రెండు మాటలు ఎక్కువే అంటాను. కష్టమైనది రెండోది. నాకు అనుకూలంగా వచ్చిన అబద్ధాన్ని, నా మెడలో పడబోయే దండలాంటి అబద్ధాన్ని, "ఇది నాది కాదండీ" అని తిప్పి పంపడం. అలాంటి సమయం వచ్చినప్పుడల్లా నా మోచేతి కింద ఆమె చెయ్యి తగిలినట్టుంటుంది.

మొన్న తోటలో దెబ్బ తిన్న చేతిని మా మనవరాలు ఒడిలో దాచుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆ చేతిని బయటికి తీశాను. పిడికిలి విప్పి, చూపుడు వేలును నా అరచేతిలో పెట్టుకుని కాసేపు రుద్దాను.

"చూపించు," అన్నాను.

"రాలిపోతే, నానమ్మా?"

"కొన్ని రాలతాయే. చూపించు."

దాని మోచేతి కింద చెయ్యి పెట్టాను.